ఎల్‌నినో ఏడాదిలో కౌలుకు మిర్చి వేయొచ్చా? 2023లో వేసినవాడిగా నా జవాబు

ఎల్‌నినో వస్తుందంటున్నారు, ఎక్కడో పసిఫిక్ సముద్రం వేడెక్కితే గుంటూరుకు ఏమవుతుంది, సాగర్ కుడి కాలువ కింద మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేద్దామనుకుంటున్నాను, వేయొచ్చా అని అడిగారు. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో 20 ఏళ్లుగా గుమాస్తాగా చేస్తున్నాను. 2023లో సత్తెనపల్లి వైపు రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాను. అది ఎల్‌నినో ఏడాదే. నాకు తెలిసింది, నేను పడింది రాస్తాను.

ఎల్‌నినో అంటే వానలు పడవని నేను కూడా అనుకునేవాణ్ని. నా చేలో జరిగింది వేరు. కావలసిన నెలలో చినుకు లేదు, వద్దనుకున్న నెలలో చేను చెరువైంది. మీరు భయపడాల్సింది ఈ కాలం తప్పడం గురించే.

సాసర్లో టీ పోసి ఊదితే టీ అవతలి అంచుకు చేరుతుంది కదా, మామూలు ఏడాదుల్లో పసిఫిక్‌లో జరిగేది అదే. భూమధ్యరేఖ దగ్గర గాలి దక్షిణ అమెరికా వైపు నుంచి ఇండోనేషియా వైపు వీస్తుంది. ఎండకు వేడెక్కిన పైనీళ్లు ఇండోనేషియా దగ్గర పోగుపడతాయి. అక్కడ సముద్రమట్టం పెరూ ఒడ్డున కంటే దాదాపు అర మీటరు ఎత్తున ఉంటుంది. వేడి నీళ్లున్న చోటే పెద్ద మబ్బులు లేస్తాయి. ఇటు పెరూ ఒడ్డున అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి. రెండు నుంచి ఏడేళ్లకోసారి ఈ గాలి నీరసపడుతుంది. ఊదడం ఆపితే టీ వెనక్కి వచ్చినట్టు వేడి నీళ్లు తూర్పుకు జరుగుతాయి, వాటి వెంట మబ్బులు లేచే చోటూ జరుగుతుంది. మధ్య పసిఫిక్‌లో నీటి వేడి మామూలు కంటే 0.5 డిగ్రీలు పెరిగి నెలల తరబడి అలాగే ఉంటే ఎల్‌నినో వచ్చిందంటారు. అర డిగ్రీయే కదా అనిపిస్తుంది, కానీ వేల కిలోమీటర్ల సముద్రం అర డిగ్రీ వేడెక్కడం చిన్న సంగతి కాదు. క్రిస్మస్ రోజుల్లో వచ్చే వెచ్చటి నీటికి బాల యేసు పేరు మీద ఎల్‌నినో అని పిలిచింది పెరూ జాలర్లు.

అలా మబ్బుల చోటు మారిన ఏడాదుల్లో మన నైరుతి వానలు చాలాసార్లు చిక్కుతాయి. దీనికీ మన దేశానికీ పాత లంకె ఉంది. 1904లో భారత వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్, మన రుతుపవనాలు ఎందుకు తప్పుతున్నాయో తేల్చడానికి ప్రపంచం నలుమూలల వాతావరణ లెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. పసిఫిక్‌కు ఒక పక్క గాలి పీడనం పెరిగితే రెండో పక్క తగ్గుతోందని అలా బయటపడింది. మా నాయనమ్మ తన పెద్దల నుంచి విని మాకు చెప్పిన ధాత కరువు, 1876-78 నాటిది, ఒక పెద్ద ఎల్‌నినో కాలంలోనే వచ్చింది.

ఇక మన కాలువ సంగతి. గుంటూరులో ఎంత కురిసినా సాగర్ నిండదు. మహాబలేశ్వరం వైపు పడమటి కనుమల్లో కురవాలి, కర్ణాటకలో కృష్ణా మీదున్న ఆల్మట్టి, నారాయణపూర్ డ్యాములు నిండాలి, జూరాల దాటి నీళ్లు శ్రీశైలం చేరాలి, ఆ తర్వాతే సాగర్. వరసలో చివర నిలబడ్డవాళ్లం మనం. పై వాళ్లకు పావు వంతు తగ్గితే మన దగ్గరికి వచ్చేసరికి అది సగమో, ముప్పావో అవుతుంది.

2023 ఆగస్టులో దేశంలో మామూలు కంటే 36 శాతం తక్కువ కురిసింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత ఎండిపోయిన ఆగస్టు లేదు. శ్రీశైలమే నిండలేదు, ఇక సాగర్ ఎక్కడ నిండుతుంది. మఖ, పుబ్బ కార్తెలు వరుపైతే క్షామమేనని మా పెద్దలు అనేవాళ్లు, ఆ రెండు కార్తెలూ మొదలయ్యేది ఆగస్టు రెండో సగంలోనే. నాలుగు నెలల వానాకాలం మొత్తం చూస్తే మాత్రం దేశంలో 94 శాతం కురిసింది. పేపర్లో ఆ 94 చూస్తే కొంప మునిగిందని ఎవరూ అనుకోరు. మొక్క మాత్రం ఆగస్టులో తాగాల్సిన నీళ్లు ఆగస్టులోనే తాగాలి.

నారు 40 రోజులకు నాటాలి. నాది 60 రోజులు దాటిపోయింది. ట్రేల్లో మొక్కలు సన్నగా సాగిపోయి, కింది ఆకులు పండుబారాయి. ఒక మొక్క పైకి లాగి చూస్తే వేరు ట్రే గుంటలోనే చుట్టలు చుట్టుకుని బిరుసెక్కి ఉంది. ఇక ఆగలేక ట్యాంకరు నీళ్లు కొన్నాను. మా ఆవిడ, నేను, ఇద్దరు కూలీలు మొక్కకు చెంబెడు చొప్పున పోస్తూ నాటాం. నల్లరేగడి కదా, పోసిన నీళ్లు మొక్క మొదట్లో నిలవకుండా నెర్రెల్లోకి జారిపోయాయి. రెండో చెంబు పోస్తే తప్ప మన్ను తడవలేదు. ట్యాంకరుకు ఇన్ని మొక్కలు నాటొచ్చని వేసుకున్న లెక్కలో సగం కూడా కాలేదు. ఆ సాయంత్రం ఖాళీ ట్యాంకరు పక్కన గట్టు మీద కూర్చుని మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు.

అయినా నవంబరుకు తోట నిలదొక్కుకుంది. పూత, పిందె బాగానే వచ్చాయి. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఎల్‌నినో ఏడాదుల్లో నైరుతి చిక్కినా, అక్టోబరు నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలు తమిళనాడుకు, రాయలసీమకు, మన దక్షిణ కోస్తాకు ఎక్కువ వాన తేవడం కద్దు. ఫలానా తుపాను ఎల్‌నినో వల్లే వచ్చిందని చెప్పలేం. కానీ ఆ నెలల్లో వాన ఎక్కువ పడే వీలుందని నాకు ముందే తెలిసి ఉంటే నిలిచిన నీళ్లు బయటికి పోయేలా బోదెలు తీయించి ఉండేవాణ్ని. తీయించలేదు. రెండు రోజులు నీళ్లు నిలిచాయి. మూడో రోజు ఎండ కాసేసరికి చెట్లు వేడినీళ్లు పోసినట్టు వడలిపోయాయి. పీకితే వేరు తొక్క వేళ్లకు ఊడొచ్చింది. ఎకరాకు 20 క్వింటాళ్లు రావాల్సింది 9 క్వింటాళ్లు తూగింది, అందులోనూ తాలు, అంటే రంగు పోయిన కాయ, చాలా ఉంది. పెట్టుబడి ఎకరాకు రెండు లక్షలు దాటింది.

2009 కూడా ఎల్‌నినో ఏడాదే. దేశంలో వాన 78 శాతమే కురిసింది. అదే ఏడు అక్టోబరు మొదటి వారంలో కర్నూలు మునిగింది, ప్రకాశం బ్యారేజీకి దాదాపు 11 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. విజయవాడ కృష్ణలంకలో మా పెద్దమ్మ వాళ్ల సామాను మేడ మీదికి చేరవేయడానికి నేను వెళ్లాను. వానలు పడాలని అంతకు రెండు నెలల ముందే ఆవిడ దుర్గమ్మకు మొక్కుకుంది.

అలాగని ప్రతి ఎల్‌నినోకూ మనకు దెబ్బ తగలదు. 1997-98లో వచ్చింది గత శతాబ్దంలోని అతి బలమైన వాటిలో ఒకటి, అయినా 1997లో దేశంలో 102 శాతం వాన కురిసింది. హిందూ మహాసముద్రం ఆఫ్రికా వైపు వెచ్చగా, ఇండోనేషియా వైపు చల్లగా మారి ఆ ఏడాది మనల్ని కాచింది. దీన్ని ఇండియన్ ఓషన్ డైపోల్ అంటారు. ఎల్‌నినో వార్త చదివేటప్పుడు దీని సంగతి కూడా వెతకండి.

మిగతా ప్రపంచం మాటకొస్తే, నాకు బాగా అర్థమైంది మా బావమరిది రొయ్యల చెరువు దగ్గర. రేపల్లె వైపు వనామీ రకం రొయ్య వేస్తాడు. రొయ్యల మేతలో చేపపొడి కలుపుతారు, ఆ సరుకులో పెరూది పెద్ద వాటా. ఎల్‌నినో వచ్చి అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకి రాకపోతే అక్కడి ఆంకోవీ చేపకు తిండి ఉండదు. 2023లో పెరూ ప్రభుత్వం ఉత్తర, మధ్య తీరంలో మొదటి వేట సీజన్‌నే రద్దు చేసింది, చేపపొడి ధర ప్రపంచమంతా పెరిగింది. ఇంతకు ముందు 1970లో పెరూలో కోటీ 20 లక్షల టన్నులకు పైగా ఆంకోవీ పడితే, 1972-73 ఎల్‌నినో దెబ్బకు, విపరీతంగా పట్టేసిన పాపానికి, 1973లో 20 లక్షల టన్నుల దగ్గరికి పడిపోయింది. చేపపొడి దొరక్క కోళ్లకు, పశువులకు సోయా మేత వైపు అందరూ పరిగెత్తారు. మేత రేటు పెరిగినప్పుడల్లా పట్టిన రొయ్యకు రేటు పెరగదని మా బావమరిది బాధ.

ఇంకా చాలా చోట్ల ఇదే కథ. 2024లో జాంబియా, మలావీ, జింబాబ్వేలలో మొక్కజొన్న ఎండిపోయి విపత్తు ప్రకటించారు. పనామా కాలువకు నీళ్లిచ్చే సరస్సు తగ్గి, రోజుకు 36 దాకా పోయే ఓడలను 24కు కుదించారు. అదే ఎల్‌నినో తూర్పు ఆఫ్రికాకు వరదలు తెచ్చింది. మనవైపు, 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపింది. ధరల భయంతో పాటు వానల భయమూ అందులో ఉంది. అమెరికాలో ఉన్న మా అన్న కూతురు ఆ వారం ఫోన్ చేసి, సోనామసూరి సంచుల కోసం దుకాణాల్లో జనం ఎగబడుతున్నారని చెప్పింది.

మీ మూడెకరాల విషయం. నేనైతే ఎకరంన్నరే మిర్చి వేస్తాను, అదీ నీళ్లు ఎండిపోని బోరు ఉంటేనే. మిగతాది అక్టోబరులో తేమ చూసి శనగో జొన్నో వేసుకోవచ్చు. మార్చి, ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌నినో అంచనాలను పట్టుకుని అడ్వాన్సు ఇవ్వొద్దు, అవి చాలాసార్లు తప్పుతాయి. మే ఆఖరులో వాతావరణ శాఖ ఇచ్చే రెండో అంచనా చూడండి. జులై మధ్య నుంచి రోజూ ఆల్మట్టి, నారాయణపూర్ నీటిమట్టం చూడండి. నారు ఒకేసారి పోయకుండా మూడు వారాల తేడాతో రెండు విడతలుగా పోయించండి, నాలాగా ముదురు నారు నాటాల్సిన గతి పట్టదు. దసరా వెళ్లేలోపు బోదెలు తీయించండి.

అన్నిటికంటే ముఖ్యం, కౌలు మాట్లాడేటప్పుడే సాగుదారు హక్కు పత్రం గురించి, అంటే ఆ పొలం సాగు చేస్తున్నది మీరేనని చూపే ప్రభుత్వ కార్డు గురించి, అడగండి. నా పొలం యజమాని సంతకం పెట్టలేదు, తర్వాత చూద్దాం అన్నాడు. దాంతో ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-క్రాప్‌లో నా పేరు ఎక్కలేదు. తుపాను నష్టం రాయడానికి వచ్చినవాళ్లు నా చేలోనే నిలబడి, కుళ్లిన మొక్కలు చూసి, జాబితాలో మీ పేరు లేదండీ అన్నారు. ఒక్క రూపాయి రాలేదు. మీ పొలం యజమాని సంతకం పెట్టాకే మీరు అడ్వాన్సు చేతికివ్వండి.