ఇంట్లోకి వచ్చిన రెండో రెఫరెండం (2019 ఫిబ్రవరి నాటి ప్రశ్న, జవాబు)

ప్రశ్న: మేము బర్మింగ్‌హామ్‌కు వచ్చి ఇరవై రెండేళ్లయింది. మావారు బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నారు, నాది ఇప్పటికీ భారతీయ పాస్‌పోర్టే. 2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) ఆయన యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగాలని ఓటు వేశారు. యూరప్ వాళ్లు ఇష్టం వచ్చినట్టు వస్తుంటే మా ఆడపడుచు కొడుక్కి మాత్రం వీసా దొరకలేదన్న కోపం ఆయనకు మొదటినుంచీ ఉంది. అప్పటికి మా అమ్మాయికి పద్దెనిమిది నిండడానికి నాలుగు నెలలు తక్కువ. ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతోంది. మళ్లీ ఓటింగ్ జరపాలంటూ మొన్న 2018 అక్టోబరులో లండన్‌లో జరిగిన ఊరేగింపుకూ వెళ్లింది. క్రిస్మస్ సెలవుల్లో భోజనాల దగ్గర మాటా మాటా పెరిగింది. మావారు సొరుగులోంచి అప్పట్లో ప్రభుత్వం ఇంటింటికీ పంపిన చిన్న పుస్తకం తీసి, ఇది మీ నిర్ణయం, మీరు నిర్ణయించినదాన్ని ప్రభుత్వం అమలు చేస్తుంది అన్న వాక్యాన్ని వేలు పెట్టి చూపించారు. “మీ నిర్ణయమే కదా, నాది కాదుగా” అని అమ్మాయి లేచిపోయింది. ఆరు వారాలుగా తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. నేను తమ వైపే ఓటు వేశానని ఇద్దరూ అనుకుంటున్నారు. నిజానికి ఆ రోజు డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చి, నేను ఓటు వేయడానికే వెళ్లలేదు. రెండోసారి రెఫరెండం జరపడం న్యాయమా, కాదా? మీరు తేల్చి చెబితే ఇద్దరికీ చూపిస్తాను.

జవాబు: అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతున్న మీ పరిస్థితి మీ ఉత్తరంలో ప్రతి వాక్యంలోనూ కనిపిస్తోంది. రెండో రెఫరెండం గురించి నా అభిప్రాయం దాచుకోను, కింద రాస్తాను. అయితే దాన్ని తీర్పులాగా వారిద్దరి ముందూ పెట్టవద్దని మాత్రం కోరుతున్నాను. ఈ 2019 జనవరి 15న ప్రధానమంత్రి థెరెసా మే తెచ్చిన వైదొలగే ఒప్పందాన్ని 202కు వ్యతిరేకంగా 432 ఓట్లతో తోసిపుచ్చిన పార్లమెంటు, తనకు ఏది వద్దో చెప్పగలిగింది కానీ ఏది కావాలో ఇంతవరకు చెప్పలేకపోయింది. అంతమంది కలిసి తేల్చలేని విషయాన్ని ఎక్కడో కూర్చుని ఉత్తరాలకు జవాబులు రాసే మనిషి మాట తేల్చేస్తుందని మీరు అనుకోవడం నాకు గౌరవమే, కానీ మీ ఇంట్లో అది ఓడినవారి పంతాన్ని పెంచడానికే పనికివస్తుంది.

ముందుగా మీవారి సంగతి చూద్దాం. సార్వత్రిక ఎన్నికల్లో ఒకే పార్టీకి కంచుకోటలాంటి నియోజకవర్గంలో ఉన్నవారికి తమ ఓటు ఉన్నా లేకున్నా ఒకటే అనిపిస్తుంది. రెఫరెండంలో అలా కాదు, ప్రతి ఓటూ లెక్కలోకి వచ్చింది. వైదొలగాలన్నవారు 1.74 కోట్లు, ఉండాలన్నవారు 1.61 కోట్లు, అంటే 51.9 శాతం, 48.1 శాతం. మీ బర్మింగ్‌హామ్ నగరంలోనైతే నాలుగు వేల లోపు ఓట్ల తేడాతో వైదొలగాలన్న పక్షం నెగ్గింది. మీవారిలాంటివారి ఓటుకు అక్కడ అంత బరువు ఉంది. ఇప్పుడు మళ్లీ అడుగుదామని ఎవరైనా అంటే ఆయన చెవికి అది “నువ్వు తప్పు జవాబు చెప్పావు, సరిగా ఆలోచించి ఇంకోసారి చెప్పు” అన్నట్టుగా వినిపిస్తుంది. దాదాపు మూడేళ్లుగా ఆయన ఆ పుస్తకాన్ని పారేయకుండా సొరుగులో దాచుకున్నారంటే, ఆయన దృష్టిలో అది తనకు ఇచ్చిన మాటకు రసీదు. పోలింగుకు రెండు నెలల ముందు, తొంభై లక్షల పౌండ్లకు పైగా ఖర్చుతో ప్రభుత్వం పంచిన ఆ పుస్తకం నిజానికి యూనియన్‌లో కొనసాగమని చెప్పడానికి రాసినదే. వైదొలగాలని ఓటు వేసిన మనిషి దాన్నే సాక్ష్యంగా భద్రపరచుకోవలసి రావడం విచిత్రమే. చట్టం ప్రకారం ఆ రెఫరెండం ఫలితం సలహా మాత్రమేనని వాదించేవారు ఉన్నారు, అది నిజం కూడా. కానీ ఇంటికి వచ్చిన కాగితంలో సలహా అన్న మాట లేదు కాబట్టి, ఆయన కోపాన్ని అజ్ఞానం కింద కొట్టిపారేయడం అన్యాయం.

మీ అమ్మాయి బాధ వేరు, దాన్ని మీరు మీవారికంటే బాగా అర్థం చేసుకోగలరు. కామన్‌వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో నివసిస్తుంటే వారికి ఆ ఓటు హక్కు ఉంది. అందువల్ల భారతీయ పాస్‌పోర్టుతో మీరు ఓటు వేయవచ్చు, అక్కడే పెరిగిన మీ అమ్మాయి నాలుగు నెలల తేడాతో వేయలేకపోయింది. 2014లో స్కాట్లాండ్ స్వాతంత్ర్యంపై రెఫరెండం జరిగినప్పుడు పదహారేళ్లు నిండినవారికి ఓటు ఇచ్చారు. 2016 రెఫరెండంలోనూ అలా ఇద్దామని పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ సవరణ చేస్తే, దిగువ సభ అయిన కామన్స్ సభ ఒప్పుకోలేదు. తన తర్వాతి యాభై ఏళ్ల బతుకు గురించి నిర్ణయం జరుగుతుంటే పక్క గదిలో కూర్చోబెట్టినట్టు ఆమెకు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. మీవారు దాన్ని “రెండో” రెఫరెండం అంటున్నారు, ఆమెకు మాత్రం అది మొదటిది. తండ్రి ఒక్కసారి ఈ తేడా గమనిస్తే, కూతురు తన ఓటును కొట్టేయమని అడగడం లేదని, తనకూ ఒక ఓటు కావాలని అడుగుతోందని ఆయనకు తెలుస్తుంది.

ఇద్దరూ న్యాయసూత్రాల పేరు చెప్పే వాదిస్తున్నారు కనుక ఒక మాట చెప్పాలి. ఈ వ్యవహారంలో సూత్రాలు గెలుపోటములను బట్టి పక్షం మార్చాయి. పోలింగు శాతం 75కు, గెలిచిన పక్షానికి 60 శాతానికి తగ్గితే మళ్లీ ఓటింగ్ జరపాలన్న విజ్ఞప్తి మీద ఫలితాల తర్వాత నలభై లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. దాన్ని మొదలుపెట్టింది మాత్రం యూనియన్ నుంచి వైదొలగాలనుకున్న వ్యక్తే, అదీ పోలింగుకు ముందే, తన పక్షం ఓడిపోతుందేమోనన్న భయంతో. తమ పక్షం 48-52తో ఓడిపోతే కథ అక్కడితో ముగియదని వైదొలగాలన్న ప్రచారానికి నాయకుల్లో ఒకరైన నైజెల్ ఫరాజ్ కూడా 2016 మే నెలలోనే అన్నారు. ఫలితం తిరగబడి ఉంటే అక్టోబరు ఊరేగింపులో మీవారు నడిచేవారేమో, మీ అమ్మాయి ఆ పుస్తకాన్ని దాచుకునేదేమో. ఈ సంగతి ఇద్దరి ముందూ ఒకేసారి చెప్పకండి, ఎవరికి వారికి విడిగా చెప్పండి.

ఇక అసలు విషయం. ప్రజలను రెండోసారి అడగడం బ్రిటన్‌కు గాని యూరప్‌కు గాని కొత్త కాదు. 1975 జూన్ 5న ఇదే దేశంలో 67 శాతం మంది యూరోపియన్ యూనియన్‌కు ముందు రూపమైన యూరోపియన్ సమాజంలో కొనసాగాలని తీర్పు ఇచ్చారు. ఆ లెక్కన మీవారు పాల్గొన్నదే రెండో రెఫరెండం. మధ్యలో నలభై ఒక్క ఏళ్లు గడిచాయి కదా అని ఆయన అంటారు, అదీ సబబే. మరి ఎన్నేళ్లు గడవాలి? ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో ఉండాలా, ఐర్లండ్‌తో కలవాలా అని జరిపే ఓటింగు విషయంలో ఒకదానికీ మరొకదానికీ మధ్య కనీసం ఏడేళ్లు ఉండాలని చట్టంలోనే రాసుకున్నారు. 2016 రెఫరెండానికి అలాంటి నియమం ఏదీ ముందు రాసుకోలేదు, ఇప్పటి గొడవలో సగం దానివల్ల వచ్చిందే. డెన్మార్క్‌లో 1992లో యూరోపియన్ యూనియన్‌ను ఏర్పరచే మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని 50.7 శాతం మంది కాదన్నారు. దేశం నాలుగు మినహాయింపులు సాధించుకుని వచ్చాక, మరుసటి ఏడాది 56.7 శాతం మంది అవునన్నారు.

అన్నిటికంటే మీకు పనికివచ్చేది ఐర్లండ్ కథ. 2001లో అక్కడ యూనియన్ విస్తరణకు దారి వేసే నీస్ ఒప్పందంపై ఓటింగు జరిగితే మూడింట ఒక వంతుకు కాస్త ఎక్కువ మంది మాత్రమే వచ్చి, దాన్ని తిరస్కరించారు. సైనిక తటస్థతకు భంగం రాదన్న హామీ తెచ్చి, 2002 అక్టోబరులో మళ్లీ అడిగితే దాదాపు 63 శాతంతో ఆమోదం లభించింది. జనం మనసు మార్చుకున్నారని పైకి అనిపిస్తుంది గాని, లెక్కలు వేరే కథ చెబుతాయి. వద్దన్నవారు మొదటిసారి సుమారు 5.3 లక్షల మంది, రెండోసారీ అంతే. కావాలన్నవారే 4.5 లక్షల నుంచి 9 లక్షలకు పెరిగారు. వద్దన్నవారి సంఖ్య కదలలేదు, మొదటిసారి ఇంట్లో కూర్చున్నవారు లేచి వచ్చారు.

ఈ సంగతి ఇంత వివరంగా రాయడానికి కారణం మీరే. 2016లో ఓటు ఉండీ వేయనివారు బ్రిటన్‌లో సుమారు 1.29 కోట్ల మంది. గెలుపోటముల మధ్య తేడా 12.7 లక్షల ఓట్లు మాత్రమే. ఆ కోటీ ఇరవై తొమ్మిది లక్షల్లో మీరొకరు. ఇంట్లో ఇద్దరూ మిమ్మల్ని తమ తమ లెక్కలో వేసుకుని “అమ్మ కూడా నా వైపే”, “మా ఆవిడా నాతోనే” అని ధైర్యంగా పోట్లాడుతున్నారు. మీ మౌనం శాంతికోసమే అని మీరు అనుకోవచ్చు. కానీ ఇద్దరి పంతానికీ బలం ఇస్తున్నది అదే.

నా అభిప్రాయం అడిగారు కదా. అదే ప్రశ్నను, ఫలితం నచ్చలేదన్న కారణంతో, అదే మాటల్లో మళ్లీ అడగడం నాకు సమ్మతం కాదు. అలా చేస్తే మూడోసారి అడగవద్దని చెప్పే హక్కు ఎవరికీ మిగలదు. అయితే 2016లో జనం ముందు ఒక కోరిక మాత్రమే ఉంది, ఒప్పందం లేదు. ఇప్పుడు ఒప్పందం కాగితం మీద ఉంది, దాన్ని పార్లమెంటు కాదంది. ఈ పరిస్థితిలో ఒప్పందాన్ని ప్రజల ముందు పెట్టడం కొత్త ప్రశ్నే అవుతుంది, పెట్టడం తప్పు కాదని నేను అనుకుంటాను. కానీ బ్యాలెట్ మీద ఎన్ని దారులు ఉంటాయో, ఎంత ఆధిక్యం వస్తే తేలినట్టో, ఈసారి 52-48 తలకిందులైతే మీవారిలాంటివారికి ఏ సమాధానం చెబుతారో ముందే చెప్పాలి. ఇప్పటివరకు రెండో ఓటు కోరుతున్నవారిలో ఎక్కువమంది ఆ చివరి ప్రశ్నను దాటవేస్తున్నారు. పైగా చట్టం చేసి, ప్రశ్నను పరీక్షించి, ప్రచారానికి గడువిచ్చి ఓటింగు జరపడానికి నెలలు కావాలి, వైదొలగే గడువేమో ఈ 2019 మార్చి 29.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. మీరు ఓటు వేయలేదన్న సంగతి ముందు మీవారికి చెప్పండి, అమ్మాయికి ఆ తర్వాత. ఆయనకు చెప్పేటప్పుడు వీసా రాని మేనల్లుడి మాట ఎత్తవద్దు, అది వేరే పుండు, దాని మీద ఇప్పుడు చెయ్యి వేయకండి. “ఆ రోజు నేను వెళ్లలేదు, ఇన్నాళ్లూ చెప్పలేదు” అన్న రెండు మాటలు చాలు. ఆయనకు కోపం వస్తుంది, రానివ్వండి. కూతురి మీద నిలిచి ఉన్న కోపం కాస్త మీవైపు తిరిగితే ఆ పిల్లకు ఊపిరి ఆడుతుంది. అమ్మాయికి ఫోనులో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆమెకు లేని హక్కును మీరు చేతిలో ఉంచుకుని వాడుకోలేదని తెలిసినప్పుడు ఆమె నొచ్చుకోవడం ఖాయం. అలసట గురించి వివరించబోకుండా క్షమించమని అడగండి. మీరు ఏ వైపు ఉన్నారని ఇద్దరూ అడుగుతారు. ఇంకా తేల్చుకోలేదన్నది నిజమైతే అదే చెప్పండి, తేల్చుకుని ఉంటే దాచకండి.

తండ్రిని క్షమాపణ అడగమని అమ్మాయిని గాని, ఫోను చేయమని ఆయనను గాని ఒత్తిడి చేయవద్దు. ఆయన నుంచి కోరవలసింది ఒక్కటే, “ఆ రోజు నీకు ఓటు లేకపోవడం నాకూ బాగా అనిపించలేదు” అన్న మాట. ఇది చెప్పడానికి ఆయన తన ఓటును తప్పుపట్టుకోనక్కరలేదు. ఆమె నుంచి కోరవలసిందీ అలాంటిదే, వైదొలగాలన్నవారంతా జాత్యహంకారులో, మోసపోయినవారో అన్న మాట ఆ ఇంటి గడప లోపల అనకుండా ఉండడం. ఇదంతా గడువులోగా జరిగితే మంచిది, ఎందుకంటే ఆ రాత్రి ఏమి జరిగినా ఇద్దరిలో ఒకరు గెలిచినవారై కూర్చుంటారు, గెలిచినవారితో రాజీ మాట్లాడడం కష్టం. మార్చి 29 శుక్రవారం, ఆ వెంటనే వచ్చే ఆదివారం మదరింగ్ సండే, అంటే బ్రిటన్‌లో అమ్మల పండగ. అమ్మాయి మీకోసమైనా ఇంటికి వస్తుంది. ఆ రెండు రోజులూ టీవీలో వార్తలు పెట్టాలా వద్దా అన్నది మాత్రం ముగ్గురూ ముందే మాట్లాడుకోండి.