బండి కదిలింది సరే, అందులో మీవాడు చేసింది ఏది?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మరో నలుగురితో కలిసి మా ఆయన పాత స్ప్లెండర్‌ను ఎలక్ట్రిక్ బైక్‌గా మారుస్తున్నాడు. హాస్టల్లో రాత్రిళ్లు కూడా అదే ధ్యాస. మోటారుకి, బ్యాటరీకి తన వాటా 12 వేలు పంపమంటున్నాడు. క్లాసులో మిగతావాళ్లంతా కోడింగ్ నేర్చుకుంటుంటే వీడు ఇనుముతో కుస్తీ పడుతున్నాడని టెన్షన్‌గా ఉంది. డబ్బు పంపాలా, మాన్పించాలా? – ఒక తల్లి, నంద్యాల

జవాబు: అమ్మా, మాన్పించకండి. అయితే డబ్బు పంపే ముందు ఒక్క మాట అడగండి: "ఐదుగురు చేస్తున్న ఈ బండిలో నువ్వు చేసిన పని ఏది?"

ఎందుకంటే హబ్ మోటారు (చక్రంలోనే అమరే మోటారు), దానికి కరెంటు ఎంత వెళ్లాలో చూసుకునే కంట్రోలర్, బ్యాటరీ ప్యాక్ అన్నీ బజారులో రెడీగా దొరుకుతాయి. తెచ్చి బిగిస్తే బండి కదులుతుంది. ఆ సంగతి ఇంటర్వ్యూ చేసేవాళ్లకి బాగా తెలుసు. లిథియం సెల్స్‌లో ఎన్‌ఎంసీ, ఎల్‌ఎఫ్‌పీ అని రెండు రకాలున్నాయి కదా, 48 వోల్టుల ప్యాక్‌కి ఎన్‌ఎంసీ అయితే వరసగా 13 చాలు, ఎల్‌ఎఫ్‌పీ అయితే 16 ఎందుకు పెట్టాలి? ఎత్తు ఎక్కేటప్పుడు కంట్రోలర్ ఎంత వేడెక్కింది? వాళ్లు అడిగేవి ఇలాంటివి.

ఒక లెక్క చెబుతాను. 48 వోల్టులు, 30 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1,440 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. కిలోమీటరుకు 30 వాట్ అవర్లు ఖర్చవుతాయనుకుంటే 48 కిలోమీటర్లు రావాలి. తీరా నడిపితే 36 వచ్చాయనుకోండి. ఆ పన్నెండు ఎక్కడ పోయాయి? టైర్లలో గాలి తక్కువైందా, బ్రేకు పట్టేస్తోందా, బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాకముందే బీఎంఎస్ (బ్యాటరీకి కాపలా కాసే సర్క్యూట్) ఆపేసిందా? ఒక్కొక్కటీ కొలిచి, తేదీ వేసి నోటుబుక్కులో రాసుకున్న పిల్లాడు ఇంటర్వ్యూలో తడబడడు. ఫైనల్ ఇయర్ పిల్లలు నా దగ్గరికి బండి ఫొటోలు తెస్తారు, కొలతలు తెచ్చేవాళ్లు తక్కువ. మీవాడికి ఇప్పటినుంచే ఆ అలవాటు చేయించండి.

మెకానికల్ పిల్లలు బ్యాటరీ అనగానే అది ఎలక్ట్రికల్ వాళ్ల పని అని పక్కకు జరుగుతారు. అది పొరపాటు. బ్యాటరీకి పెద్ద శత్రువు వేడి. ఆ వేడిని బయటికి పంపడం, గతుకులకు కదలకుండా, వానకు తడవకుండా పెట్టె తయారుచేయడం మెకానికల్ పనే. 2022లో మన దేశంలో ఎలక్ట్రిక్ స్కూటర్లు వరసగా తగలబడ్డాక, బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 నిబంధనలను కేంద్రం కఠినం చేసింది. కాబట్టి ఆ పెట్టె బాధ్యత మీవాడిని తీసుకోమనండి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీ కడుతోంది. ఈ పని తెలిసినవాళ్ల అవసరం మన దగ్గరా పెరుగుతోంది.

కోడింగ్ సంగతి. అది దీనికి శత్రువు కాదు. బండి నడిచినంతసేపూ వోల్టేజీ, వేడి నమోదుచేసి పైథాన్‌లో గ్రాఫ్ గీయమనండి, రెండూ వస్తాయి. బ్యాక్‌లాగ్స్ మాత్రం ఉండకూడదు. ఉంటే చాలా కంపెనీలు ప్లేస్‌మెంట్ పరీక్షకే కూర్చోనివ్వవు.

సొంత కంపెనీ పెడతానని కూడా అంటాడేమో. ఐఐటీ మద్రాసులో చదివిన తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ 2013లో ఏథర్ మొదలుపెడితే వాళ్ల స్కూటర్ 2018లో గానీ అమ్మకానికి రాలేదు. అయిదేళ్లు! కలను కాదనకండి, ముందు రెండు మూడేళ్లు ఉద్యోగం చేయమనండి.

ఇక నాకు నిజంగా భయం వేసింది మీరు రాసిన "హాస్టల్లో రాత్రిళ్లు" అన్న మాట దగ్గర. లిథియం బ్యాటరీని గదిలో పెట్టి, చార్జింగ్‌కి వదిలేసి పడుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. సెల్స్ కొని సొంతంగా అతికించడం వద్దు, బీఎంఎస్ ఉన్న ప్యాక్ కొనమనండి. చార్జింగ్ కాలేజీ వర్క్‌షాపులోనే, ఎవరో ఒకరు చూస్తుండగానే జరగాలి. ఇలా మార్చిన బండిని, ఆమోదం పొందిన కిట్ వాడి ఆర్సీలో మార్పు చేయించకుండా రోడ్డెక్కించకూడదు. గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగంతో వెళ్లే చిన్న ఈ-స్కూటర్లకున్న రిజిస్ట్రేషన్ మినహాయింపు దీనికి వర్తించదు. క్యాంపస్ లోపలే, హెల్మెట్ పెట్టుకుని నడపమనండి.

కాలేజీ ఏమైనా సాయం చేస్తుందేమో హెచ్‌ఓడీని అడగమనండి. బ్యాటరీ వర్క్‌షాపులో పెట్టుకోవడానికి ఒప్పుకున్నట్టు ఆయన చేత రాయించుకుని, ఆ కాగితం ఫొటో మీకు పంపాక 12 వేలు పంపండి.