షార్డింగ్ చేస్తే బ్లాక్‌చైన్ బలహీనపడదా?

ప్రశ్న: ప్రూఫ్ ఆఫ్ స్టేక్ (సొమ్ము తాకట్టు పెట్టినవారే లావాదేవీలను సరిచూసే పద్ధతి) బ్లాక్‌చైన్‌ను షార్డ్‌లుగా విడగొడితే వేగం పెరుగుతుందని చదివాను. వంద భాగాలు చేస్తే ఒక్కో భాగానికి కాపలా కాసేవారు వందో వంతే మిగులుతారు కదా, అప్పుడు ఒక షార్డ్‌ను చేజిక్కించుకోవడం తేలిక కాదా? ఇథీరియం బ్లాక్‌చైన్‌లో ఇది అమలైందా?

జవాబు: షార్డింగ్‌లోని అసలు చిక్కునే మీరు పట్టుకున్నారు. మామూలు బ్లాక్‌చైన్‌లో ప్రతి నోడూ (నెట్‌వర్క్‌లోని కంప్యూటర్) ప్రతి లావాదేవీనీ స్వయంగా సరిచూస్తుంది కాబట్టి, ఎన్ని కొత్త కంప్యూటర్లు చేరినా నెట్‌వర్క్ సామర్థ్యం పెరగదు. షార్డింగ్‌లో ఖాతాలను, లావాదేవీలను భాగాలుగా పంచి, ఒక్కో భాగాన్ని సరిచూసే పనిని ఒక్కో వాలిడేటర్ల (తాకట్టు పెట్టి కాపలా కాసేవారి) బృందానికి అప్పగిస్తారు. తమకు ఏ షార్డ్ పడాలో వాలిడేటర్లు ఎంచుకోలేకపోవడమే ఇక్కడి రక్షణ. మన ఎన్నికల సిబ్బందికి ఏ పోలింగ్ కేంద్రం పడిందో చివరి ర్యాండమైజేషన్ దాకా తెలియనట్టే, వీరి కేటాయింపు కూడా యాదృచ్ఛికంగా జరుగుతుంది, తరచుగా మారుతుంది.

ఇథీరియం వాలిడేటర్లను 6 నిమిషాల 24 సెకన్లకొకసారి, అంటే ప్రతి ఎపాక్‌కూ, కొత్త కమిటీలుగా కలుపుతుంది. మొత్తం వాలిడేటర్లలో మూడో వంతు మోసగాళ్లే అయినా, యాదృచ్ఛికంగా ఎంపికైన 128 మంది కమిటీలో మూడింట రెండు వంతులు వారికే దక్కే అవకాశం లక్ష కోట్లలో ఒకటికి మించదు. తాకట్టుకు బదులు యంత్రాల గణన శక్తిపై నడిచే ప్రూఫ్ ఆఫ్ వర్క్‌లో ఇంత కట్టుదిట్టం కష్టం, ఎందుకంటే మైనర్ (ఆ యంత్రాలు నడిపేవారు) తన యంత్రాలన్నింటినీ బలహీనమైన షార్డ్ మీదికి మళ్లించవచ్చు. ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌లో మాత్రం ఎవరు ఎంత తాకట్టు పెట్టారో చైన్‌లోనే నమోదై ఉంటుంది కనుక డ్యూటీ వేయడం సాధ్యం. పరస్పర విరుద్ధమైన ఓట్లపై సంతకం చేస్తే ఆ తాకట్టులోనే కోత పడుతుంది.

భద్రత కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది షార్డ్‌ల మధ్య వ్యవహారం. ఒక షార్డ్‌లోని ఖాతాలో సొమ్ము తగ్గించి, రశీదు పంపి, దాన్ని ధ్రువీకరించాక రెండో షార్డ్‌లో జమ చేయాలి. రెండు చోట్లా ఒకేసారి జరిగి తీరాల్సిన లావాదేవీలకు ఇది పెద్ద తలనొప్పి.

ఇథీరియం ఒక దశలో 64 షార్డ్‌లు అనుకున్నా ఆ దారి వదిలేసింది. లావాదేవీల నిర్వహణను రోలప్‌లకు (ప్రధాన చైన్ బయట లావాదేవీలు నడిపి, వాటి డేటాను దానిలో నమోదు చేసే నెట్‌వర్క్‌లకు) విడిచిపెట్టి, వాటి డేటాకు మాత్రం తన చైన్‌లో చోటు కల్పించింది. 2024 మార్చి 13న వచ్చిన డెన్‌కున్ అప్‌గ్రేడ్‌తో 128 కిలోబైట్ల బ్లాబ్‌లు (రోలప్‌ల డేటా ఉంచే తాత్కాలిక మూటలు) మొదలయ్యాయి. ఇవి సుమారు 18 రోజుల తర్వాత తొలగిపోతాయి. అప్పట్లో ప్రతి నోడూ బ్లాబ్‌లన్నింటినీ దించుకోవలసి వచ్చేది కాబట్టి దాన్ని షార్డింగ్ అనడం నా దృష్టిలో తొందరపాటే. 2025 డిసెంబరులో ఫుసాకా అప్‌గ్రేడ్‌తో వచ్చిన పీర్‌డాస్ అనే పద్ధతి ఆ లోటును చాలావరకు తీర్చింది: బ్లాబ్ డేటాను 128 నిలువు వరుసలుగా విస్తరిస్తారు, మామూలు నోడ్ వాటిలో కొన్నింటినే దాచుకుంటుంది, ఏ సగం దొరికినా మొత్తం తిరిగి కూర్చవచ్చు. ఖాతాలను సైతం షార్డ్‌లుగా పంచిన నెట్‌వర్క్‌ను పరిశీలించాలంటే నియర్ అనే బ్లాక్‌చైన్‌ను చూడండి.

ఈ మార్పుల కోసం మామూలు వినియోగదారులు చేయవలసిందేమీ లేదు. అప్‌గ్రేడ్ పేరుతో ఈథర్‌ను (ఇథీరియం నాణేన్ని) మరో చిరునామాకు పంపమని ఎవరైనా కోరితే అది మోసమే.