ప్రసూతి సెలవు తర్వాత ఉద్యోగం మానేస్తే ఈఎస్‌ఐ నుంచి డబ్బు వస్తుందా?

పాప పుట్టాక సెలవు అయిపోయింది, ఇప్పుడు నైట్ షిఫ్ట్‌కి రమ్మంటున్నారు, రాజీనామా చేస్తే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) నిరుద్యోగ భృతి ఇస్తుందా అని ఒకామె అడిగారు. ఇంకా రాజీనామా రాసివ్వకపోతే ఆగండి.

మాది జడ్చర్ల. మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో నాలుగేళ్లు చేశాను. 26 వారాల సెలవుకి ఈఎస్‌ఐ డబ్బు ఏ ఇబ్బందీ లేకుండా వచ్చింది. 2021 జూన్ మధ్యలో మళ్లీ చేరాను. అక్టోబర్ మొదటి వారంలో మనుషుల్ని తగ్గిస్తున్నామని పిలిచి, టైపు చేసిన కాగితం ముందు పెట్టారు. ‘సొంత కారణాల వల్ల మానేస్తున్నాను’ అని ఉంది. అప్పటికే బాబు ఏడుపు ఆపట్లేదని అత్తమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. సంతకం పెట్టేసి పోదామనుకున్నా. మా లైన్‌లో పనిచేసే పెద్దక్క పెన్ను లాక్కుంది. ‘వాళ్లు తీసేస్తే తీసేసినట్టే రాసియ్యమను’ అంది. మూడు రోజులు తిరిగితే ఆ లెటర్ ఇచ్చారు.

ఆ లెటర్ విలువ ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో తెలిసింది. ఈ నిరుద్యోగ భృతి స్కీమ్ పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన, 2018 జూలైలో మొదలైంది. తప్పు చేశారని తీసేసినా, రిటైరైనా, స్వచ్ఛంద విరమణ తీసుకున్నా ఇవ్వరు. ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత మనమే నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. రోజు జీతంలో సగం, 90 రోజుల వరకు, అదీ జీవితంలో ఒక్కసారే. నా జీతం నెలకు 12 వేలు, అంటే రోజుకి 200 చొప్పున మొత్తం 18 వేలు వచ్చాయి. బాబు డబ్బా పాలకి, కిరాయికి ఆ డబ్బే ఆధారమైంది.

సెలవుకి వెళ్లిన వాళ్లు ముఖ్యంగా చూసుకోవాల్సింది కాంట్రిబ్యూషన్ రోజులు, అంటే మన పేరు మీద ఈఎస్‌ఐకి డబ్బు కట్టిన రోజులు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒక లెక్క, అక్టోబర్ నుంచి మార్చి ఇంకో లెక్క. నేను పెట్టినప్పుడు, ఉద్యోగం పోయే ముందు ఆరు నెలల్లో 78 రోజులు ఉండాలన్నారు. తిరిగి చేరి మూడున్నర నెలలు చేశాను కాబట్టి సరిపోయింది. సెలవు అవ్వగానే మానేసిన నా ఫ్రెండ్‌కి అక్కడే ఆగిపోయింది, పాపం. స్కీమ్‌ని పొడిగించినప్పుడు షరతులు కూడా మారుస్తుంటారు, ఇప్పటివి బ్రాంచిలోనే అడగండి.

ఒకవేళ సెలవులో ఉండగానే తీసేశామంటే ఒప్పుకోకండి, చట్టం ప్రకారం అది చెల్లదు.

ఇంకొకటి, ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి నాకు అక్కడే పది రోజులు పోయాయి.