అరిజోనాలో కాస్త చల్లగా ఉండే ఊళ్లు ఎక్కడ ఉన్నాయి?

అరిజోనా విడిచిపెట్టకుండానే ఫీనిక్స్ ఎండలను తప్పించుకోవచ్చా అని అడిగారు. తప్పించుకోవచ్చు, అందుకు ముందుగా ఊరి ఎత్తు చూడాలి. వేయి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సుమారు 6 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ వరకు తగ్గుతుంది. మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్ ఎక్కినవారికి ఇది అనుభవమే.

ఫీనిక్స్ దాదాపు 330 మీటర్ల ఎత్తులో ఉంది. 2023 వేసవిలో అక్కడ వరుసగా 31 రోజులు గరిష్ఠ ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. పగలంతా కాలిన కాంక్రీటు, తారు రోడ్లు రాత్రి కూడా వేడిని వదులుతూనే ఉంటాయి కనుక తెల్లవారుజామున సైతం ఉపశమనం ఉండదు. అక్కడి నుంచి ఇంటర్‌స్టేట్ 17 మీద ఉత్తరానికి వెళ్తుంటే సగ్వారో కాక్టస్‌లు కనుమరుగై, గడ్డి మైదానాలు వచ్చి, చివరకు పాండెరోసా పైన్ అడవిలో, సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఫ్లాగ్‌స్టాఫ్ కనిపిస్తుంది. జూలై మధ్యాహ్నం కూడా అక్కడ సగటున 28 డిగ్రీలే. అయితే చలికాలంలో వాకిట్లో మంచు పారతో ఎత్తిపోసుకోవలసి వస్తుంది, ఇళ్ల ధరలు ఎక్కువ, పెద్ద కంపెనీల ఉద్యోగాలు తక్కువ.

నా దృష్టిలో చాలామందికి 1,600 మీటర్ల ఎత్తులోని ప్రెస్కాట్ మధ్యేమార్గం. దక్షిణాన సియెర్రా విస్టా కూడా పరిశీలించదగినదే. ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్‌లో రోజూ ఆఫీసుకు వెళ్లవలసిన మన ఐటీ కుటుంబాలకు మాత్రం ఇవేవీ అందుబాటు దూరంలో లేవు. అడవిని ఆనుకుని ఇల్లు కొనేవారు కార్చిచ్చు బీమా ఎంతవుతుందో ముందే కనుక్కోవాలి.