కౌలు రైతు అప్పు ఎందుకు తీరదు?

ప్రశ్న: మా ఊరి కౌలు రైతులు ఎంత కష్టపడినా పేదరికం వదలడం లేదు. తప్పెవరిది?

జవాబు: లోపం వాళ్ల కష్టంలో లేదండీ, వడ్డీలో ఉంది. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి 50,000 తెస్తే ఏడాదికి 18,000 వడ్డీకే పోతాయి. అదే బ్యాంకు పంట రుణమై, గడువులోగా కడితే 4 శాతం చొప్పున 2,000. ఆ 16,000 తేడాయే వాళ్లను లేవనివ్వడం లేదు. ఆ రుణం అందేలా ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కౌలు రైతుకు 11 నెలల సాగు హక్కు పత్రం ఇచ్చింది గానీ, భూయజమాని సంతకం కావాలంది. భూమి పోతుందేమోనని చాలామంది సంతకం పెట్టరు. ఆ పత్రం యాజమాన్య హక్కు ఇవ్వదని ఊరూరా చెప్పి ఒప్పించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.

ఈలోగా 4 నుంచి 10 మంది ఉమ్మడి బాధ్యతా బృందంగా ఏర్పడి బ్యాంకును అడగండి. తాకట్టు అక్కర్లేదు. ఒకరు ఎగ్గొడితే మిగతావారిపై పడుతుంది కనుక, బాగా ఎరిగినవారినే చేర్చుకోండి.