మాంటెరే రేడియో: మూడు పేర్లు, స్టేషన్ ఒక్కటే

మాంటెరే రేడియో చరిత్రలో టీఎన్‌డీ, సీవైఓ, ఎక్స్‌ఈహెచ్ అని మూడు పేర్లు కనిపిస్తున్నాయి, ఇవి మూడు స్టేషన్లా అని అడిగారు కదండీ. కాదు, మూడూ ఒక్కటే. మెక్సికోలోని మాంటెరేలో కాన్‌స్టాంటినో దె తార్నావా అనే ఇంజనీరు 1921 అక్టోబరు 9 రాత్రి తన ఇంటి నుంచే ప్రసారం మొదలుపెట్టాడు. తన ఇంటిపేరుకి, అమెరికాలో తాను చదువుకున్న నోటర్ డేమ్ యూనివర్సిటీ పేరు కలిపి టీఎన్‌డీ అన్నాడు. ఎంత అభిమానమో చూడండి!

తర్వాత ప్రభుత్వ గుర్తింపుతో సీవైఓ అయింది. అప్పట్లో మెక్సికో స్టేషన్ల పేర్లు సీవై, సీజెడ్ అక్షరాలతో మొదలయ్యేవి. 1927లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆ దేశానికి ఎక్స్‌ఏ నుంచి ఎక్స్‌ఎఫ్ దాకా అక్షరాలు కేటాయించింది. 1929 నుంచి అది అమలైంది. అలా సీవైఓ కాస్తా ఎక్స్‌ఈహెచ్ అయింది. మెక్సికో సిటీలో ఎల్ బ్వెన్ టోనో సిగరెట్ కంపెనీ పెట్టిన సీవైబీ కూడా అలాగే ఎక్స్‌ఈబీ అయింది.

కాబట్టి 1929కి ముందు పేపర్లలో ఎక్స్‌ఈహెచ్ అని వెతికితే ఏమీ దొరకదు. వాటిలో సీవైఓ అనే వెతకండి. తార్నావా పేరుతో కూడా ఒకసారి చూడండి, మొదటి రెండేళ్ల సంగతులు అలా దొరికే అవకాశం ఎక్కువ.